అందుకునే వైపు

"ఉమ్ రీహామ్, కాస్త కాళ్ళు తియ్యి, గీత గియ్యాలి," అన్నాడు సుబ్హీ.

కూతురు రీహామ్ పుట్టినప్పట్నించీ మొగుడికి ఇన్షిరాహ్ ఉమ్ రీహామే, రీహామ్ తల్లే. ఆమె అప్పుడు హాల్లో నేల మీద చాప వేసుకుని కూర్చుని బాతు కడుపులో ఉల్లిపాయ ముక్కలు కూరుతోంది. కాళ్ళు తియ్యమన్నాడు గాని, ఒళ్ళో బాతుంది, మోచేతుల దాకా మసాలా ఉంది, ఎలా లేస్తుందీ అని మాత్రం అనుకోలేదు మహానుభావుడు. ఆమె చాపతో సహా గోడవైపు జరిగింది. సుద్దముక్క పట్టుకుని సుబ్హీ వంగి, వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, హాలు మధ్యలోంచి, ఆమె ఇంతసేపూ కూర్చున్న చోటు మీదుగా గీత గీసుకుంటూ పోయాడు. వంటింటి వైపు తిరుగుతాడేమో అనుకుంది. తిరగలేదు. గీత తిన్నగా ఆమె గది గడప దాటి, లోపలికెళ్ళి, కుట్టు మిషను కాలి దగ్గర ఆగింది.

ఆమె చెయ్యి కూడా బాతులోనే ఆగిపోయింది.

ఈజిప్టు రేవు పట్నం దుమ్యాత్‌లో చెక్క పని చేసే మగవాడు కార్ఖానా పోగొట్టుకుంటే సగం ప్రాణం పోయినట్టే. సుబ్హీ వాటా ఉన్న కార్ఖానా బేరాల్లేక మూతపడింది. చేసినన్నాళ్ళు చేసి, చివరికి అందరూ ఎవరి సామాను వాళ్ళు పంచుకుని ఇళ్ళకెళ్ళారు. కొన్నాళ్ళు కాఫీ హోటల్లో కూర్చుని లోకాన్ని తిట్టాడు. తర్వాత ఇంట్లోనే పని పెట్టుకుంటానన్నాడు. రేవులో దిగిన పాత ఇటలీ మిషను ఒకటి చూసొచ్చాడు. కార్ఖానాలో చెక్క ముఖం చదును చేసే మిషను వేరు, మందం తీసే మిషను వేరు. ఇందులో రెండూ ఒక్కటే. పైన చిత్రిక పడుతుంది, పైబల్లలు ఎత్తేస్తే కింద మందం తీస్తుంది. ఇల్లు చిన్నది గనక ఇదే సరైనదన్నాడు. అంతవరకు బాగానే ఉంది. కాని ఆ ఇల్లు గొట్టంలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. మంచం పట్టె అంత పొడుగు చెక్క మిషను ఎక్కాలంటే ముందు అంత జాగా ఉండాలి, దిగాలంటే వెనక అంత జాగా ఉండాలి. అడ్డంగా పెడితే చెక్క గోడని పొడుస్తుంది. ఇంట్లో అంత పొడుగు ఉన్నది ఒక్క దారిలోనే, వీధి గుమ్మం నుంచి ఇన్షిరాహ్ గది కిటికీ దాకా.

సాయంత్రం మిషన్లు బిగించే మేస్త్రీ, ఉస్తా అతియ్యా వచ్చాడు. గీతని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూశాడు. గోడకీ మిషనుకీ మధ్య ఎంత వదలాలో, పైబల్లలు ఎత్తినప్పుడు ఏవైపు ఒరుగుతాయో చెప్పాడు. తర్వాత గది గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఇంతకీ ఈ చివర అందుకునేదెవరు? నువ్వే తోసి, నువ్వే ఇటు పరిగెత్తుకొచ్చి అందుకుంటావా ఏంటి?"

"ఎవరేంటి ఉస్తా? మా ఇంట్లోవాళ్ళున్నారుగా!"

"ఆ, అయితే సరే."

ఇన్షిరాహ్ టీ పళ్ళెం పట్టుకుని ఆ పక్కనే నిలబడి ఉంది. ఆ ఊళ్ళో మగవాళ్ళు నలుగురిలో పెళ్ళాం పేరెత్తరు. అది మర్యాదట. "ఇంట్లోవాళ్ళు" అంటారు. తెలియనివాళ్ళు వింటే లోపల ఓ దండు దిగి ఉందనుకుంటారు. వంట చేసే దండు, గుడ్డలుతికే దండు, అత్తగారి మోకాళ్ళకి నూనె మర్దనా చేసే దండు, కూతుర్ని కాలేజీకి తయారుచేసి పంపే దండు. పని అంతా దండుకి సరిపోయేదే. మనిషే ఒక్కతి. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే సిగ్గుతో పొంగిపోయేది, నన్ను నలుగురి కంట పడకుండా గుండెల్లో దాచుకుంటున్నాడని. దాచుకున్నమాట నిజమే. ఎందుకు దాచాడో తెలుసుకునేందుకే ఇన్నేళ్ళు పట్టింది.

అతియ్యా సుద్ద తీసుకుని ఆమె గదిలో, కుట్టు మిషనుకీ కిటికీకీ మధ్య, నేల మీద చిన్న గుండ్రం చుట్టాడు. "ఇంట్లోవాళ్ళు ఇక్కడ నిలబడితే సరిపోద్ది. కాస్త ఎడంగా, చెక్క కడుపులో పొడవకుండా," అన్నాడు. పక్కనున్న మనిషి మొహం చూడలేదు. అదీ మర్యాదే. టీ గ్లాసు అందుకుంటూ, "పైన వేసింది అటుపోద్ది, కింద వేసేటప్పుడు అటునుంచి ఇటు రావాల. తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు, తెలుసు. నిన్న మొన్న పుట్టానా?" అన్నాడు సుబ్హీ.

వాళ్ళు వెళ్ళాక ఆమె గదిలోకి వెళ్ళి ఆ గుండ్రం పక్కన కూర్చుంది. నిజానికి అది గది అని ఎవరూ అనలేదెప్పుడూ. విరిగిన కుర్చీలు పడేసుకునే కొట్టు. రీహామ్ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక తనే ఆ చెత్తంతా మోసి, గోడకి సున్నం వేసి, కిటికీ అద్దం వేయించుకుంది. పెళ్ళి వాళ్ళకిచ్చే సోఫా కుర్చీలకి పట్టు గుడ్డలు కుడుతుంది అందులో. ఉత్తరపు వెలుతురు, రంగు మోసం చెయ్యని వెలుతురు. అన్నిటికంటే ముఖ్యం, దానికో తలుపుంది. తలుపు వేసుకుంటే అత్తగారు హాజ్జా తఫీదా కేకలు కాస్త సన్నబడతాయి. ఆ తలుపు వెనక ఆమె ఎవరి తల్లీ కాదు, ఎవరి ఇంట్లోవాళ్ళూ కాదు. ఒక్కోసారి కుట్టకుండా ఊరికే కూర్చునేది కూడా. ఊరికే కూర్చోవడానికి ఇంట్లో ఆడదానికి ఇంకెక్కడ చోటుంది? వంటింట్లో ఊరికే కూర్చుంటే పొయ్యి అడుగుతుంది, పడగ్గదిలో కూర్చుంటే ఒంట్లో బాగాలేదా అని మొగుడడుగుతాడు. "నీడపట్టున కూర్చుని సూదీ దారం ఆడించడం కూడా ఓ పనేనంటే, మేమంతా పని చేసి చచ్చినవాళ్ళం కాదన్నమాట," అనేది అత్తగారు. సుబ్హీ అంత కటువుగా అనడు, నవ్వుతూ అంటాడు. "నీ కాలక్షేపానికి నేనెప్పుడన్నా అడ్డం చెప్పానా?" కార్ఖానా మూతపడి అతను కాఫీ హోటల్లో కూర్చున్న నెలలన్నీ ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ కాలక్షేపంతోనే. అప్పుడైనా ఆ మాట మారుస్తాడేమోనని ఎదురుచూసింది పిచ్చిది. మార్చలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఉండబట్టలేక అడిగింది. "చెక్కలు నా గదిలోకొస్తే నా గుడ్డలేం కావాలి?"

"గదినేమన్నా ఎత్తుకుపోతున్నానా? గది అక్కడే ఉంటది. చెక్క అలా వస్తది, ఇలా పోద్ది," అన్నాడు బాతు కాలు విరుచుకుంటూ.

"వాడి చెయ్యి ఆడితేనేగా నీ నోరాడేది," అంది హాజ్జా తఫీదా. "తినేటప్పుడు గొడవ పెట్టుకోకే అమ్మాయ్. ఉల్లిపాయ బాగా వేగింది ఈసారి."

మిషను వచ్చింది. నలుగురు మోసి హాలు మధ్యలో దింపారు. చెక్క వెళ్ళే దారికి గది తలుపు రెక్క అడ్డం వస్తోందని సుబ్హీ దాన్ని బందులతో సహా ఊడదీసి మేడ మీదికి మోసుకెళ్ళాడు, కోళ్ళ గూటికి చాటుగా ఉంటుందని. ఆమె మెట్ల దగ్గర నిలబడి చూసింది. ఇల్లంతా తీసుకెళ్ళినా అంత ఏడుపు వచ్చేది కాదేమో. గదికి తలుపు లేకపోతే అది మళ్ళీ కొట్టే.

మొదటిరోజు పైన చిత్రిక పట్టారు. సుబ్హీ వీధి వైపు నిలబడి మంచాలకి వాడే గట్టి జాన్ చెక్క తోస్తున్నాడు, ఆమె గదిలో సుద్ద గుండ్రంలో నిలబడి అందుకుంటోంది. వీధిలో పోయేవాళ్ళకి కనిపించేది సుబ్హీ ఒక్కడే. "మాషాఅల్లాహ్, మళ్ళీ మొదలెట్టావు!" అంటూ పలకరించి పోతున్నారు. చెక్క అతని చేతుల్లోంచి వెళ్ళి లోపలి చీకట్లోకి మాయమైపోతుంది, అంతే. సుబ్హీకి కావలసింది సరిగ్గా అదే. ఆ ఏర్పాటంతా చేసుకున్నది అందుకే.

మధ్యాహ్నం పైబల్లలు ఎత్తి, కింద మందం తియ్యడానికి సిద్ధం చేశాక గాని అతనికి అసలు సంగతి బుర్రకెక్కలేదు. కార్ఖానాలో రెండు మిషన్లూ వేరు వేరుగా ఉండేవి గనక ఎప్పుడూ ఒకే వైపు నుంచి తోసిన అలవాటు. ఇందులో అలా కుదరదు. పైన వీధి నుంచి గదిలోకి వెళ్ళిన చెక్క, కింద గదిలోంచి వీధి వైపు రావాలి. అంటే తోసేవాడు గదిలో ఉండాలి, అందుకునేవాళ్ళు వీధి గుమ్మంలో ఉండాలి.

అతను మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అతియ్యాకి ఫోన్ చేశాడు. అవతల అతియ్యా నవ్వడం ఇన్షిరాహ్‌కి కూడా వినిపించింది. "ముందే చెప్పాగా నీకు! దాన్ని ఎటు తిప్పి పెట్టినా ఒకళ్ళు లోపలుంటారు, ఒకళ్ళు వీధిలో ఉంటారు. పైకి ఒకలా, కిందికి ఒకలా. దానికి మనమేం చేస్తాం?"

సుబ్హీ ఫోన్ జేబులో పెట్టుకుని గదిలోకొచ్చాడు. గొంతు తగ్గించి, బుజ్జగింపుగా అన్నాడు. "ఓ పని చేద్దాం. కింద వేసేటప్పుడు నువ్విక్కణ్ణించి తొయ్యి. వీధి వైపు నేనందుకుంటా."

"తోసేది ఉస్తా పని కదా? నన్ను తొయ్యమంటున్నావా?"

"తోసేదేముంది, మొన పెడితే మిషనే లాక్కుంటది. అంతేగాని నువ్వెళ్ళి గుమ్మంలో నిలబడి చెక్కలు మోస్తే, సుబ్హీ పెళ్ళాన్ని కూలికి పెట్టుకున్నాడంటారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. పెళ్ళాం చేత మోయించడంలో సిగ్గు లేదు, మోస్తుండగా జనం చూస్తేనే సిగ్గు! పొద్దున్నించీ మోస్తోంది కదా, జబ్బలు పీకేస్తున్నాయి కదా, అప్పుడు ఆ మొహం ఎక్కడుందీ? అడగాల్సింది. అడగలేదు. ఆ వేళ ఓ మంచం తాలూకు చెక్క ఎదురుచూస్తోంది, రీహామ్ ఫీజు ఎదురుచూస్తోంది, ఇంట్లో ప్రతిదీ ఆమె నోరు మూసుకోవడం కోసమే ఎదురుచూస్తుంటుంది. చెక్క మొన పెట్టింది. మిషను లాక్కుంది.

అలా ఆ చలికాలం గడిచింది. పొద్దున వంట, తర్వాత అందుకోవడం, తర్వాత అత్తగారి మందులు, తర్వాత తొయ్యడం, మధ్యలో పొట్టు ఊడవడం. ఊడ్చినకొద్దీ పొట్టు. జడలో పొట్టు, రొట్టె పిండిలో పొట్టు, తుమ్మితే పొట్టు. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంచేది. ఏ సాయంత్రమో దుప్పటి తీసి కూర్చునేసరికి ఉత్తరపు వెలుతురు వెళ్ళిపోయి ఉండేది. ఓ రోజు మంచాలు కొనే హాజ్ షలబీ వచ్చి, వీధి వైపు వచ్చిన పట్టె మీద అరచేత్తో నిమిరి, "చెయ్యి తిరిగిందయ్యా సుబ్హీ, అద్దంలా ఉంది," అన్నాడు. ఆ పట్టె తోసింది ఆమె. సుబ్హీ దాన్ని భుజానెత్తుకుని, "ఏదో హాజ్, పాత చెయ్యి కదా," అన్నాడు. మొగుడు అబద్ధమాడతాడని ఆమెకి తెలుసు, కాని అంత అలవోకగా, తడుముకోకుండా ఆడతాడని తెలీదు. లోపల నిలబడి వింది. మిషను ఆగినప్పుడు లోపల్నించి వినడమే తప్ప బదులు చెప్పే వీలు లేదు.

ఆ పొట్టు చివరికి పెళ్ళివారి గుడ్డ దాకా వెళ్ళింది. మీగడ రంగు పట్టు. వెనక వీధి సామియా కూతురి పెళ్ళి కుర్చీలకి. ఎన్ని గుడ్డలు కప్పి దాచినా సన్నపొట్టు ఎలా దూరిందో దూరింది. సామియా వచ్చి కుట్టిన గుడ్డని వెలుతుర్లో పట్టుకుని చూసింది, గోటితో గీరింది. కుట్టు కింద చెక్క పేడు ఒకటి, గడ్డిపరకంత.

"ఇదేంటి ఉమ్ రీహామ్? పెళ్ళికూతురు దీని మీద కూర్చుంటే గుచ్చుకోదూ?"

"విప్పి మళ్ళీ కుడతానమ్మా, రేపటికల్లా..."

"వద్దులే తల్లీ. నీ చేతిని అనడంలేదు. నీకిప్పుడు చోటేదీ, ఇల్లంతా కార్ఖానా అయిపోయింది." గుడ్డ మొత్తం మడతపెట్టి తీసుకెళ్ళిపోయింది. కోపంగా వెళ్ళినా బాగుండేది. జాలిపడి వెళ్ళింది.

సుబ్హీ వింటూనే ఉన్నాడు. "పోతే పోనీలే," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఇప్పుడు నీకూ తీరిక లేదుగా వాటికి."

"పీడా పోయింది," అంది అత్తగారు మంచం మీద నుంచి. "కళ్ళన్నా మిగుల్తాయి."

తీరిక లేదుట! ఆ మాట ఆమె లోపల గుచ్చుకుని ఊరుకోలేదు, తిరిగింది. తన తీరికని ఎవరు తీసుకున్నారు, తన గదిని ఎవరు తీసుకున్నారు, ఎవరు చూస్తుండగా తీసుకున్నారు? తనే చూస్తుండగా. గీత గీస్తుంటే చాప జరుపుకుంది తను. గుండ్రం చుడితే అందులో వెళ్ళి నిలబడింది తను. అతనికి ఎప్పుడూ బలవంతపెట్టాల్సిన అవసరమే రాలేదు, అంత సులువుగా జరిగింది ఆమె. ఇప్పుడు ఏడ్చినా, అన్నం మానేసినా, పుట్టింటికెళ్ళినా ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏడిస్తే ముషబ్బక్ పొట్లం తెచ్చి చేతిలో పెడతాడు, పాకం కారుతున్న ఆ తీపి తిని ఊరుకోవాలి. పుట్టింటికెళ్తే వదిన, మీ ఆయన తాగడు, కొట్టడు, నీకేం లోటే అంటుంది. నిజమే, తాగడు, కొట్టడు. అతనికి భయం ఒక్కటే, వీధి. వీధి ఏమనుకుంటుందోనన్న భయం కోసమే మిషనుని అలా, ఆమెని ఇలా పెట్టాడు. ఆ భయం మీద ఇల్లు మొత్తం నడుస్తోంది. అలాంటప్పుడు మనం వీధిలోకే వెళ్ళి నిలబడితే? ఆ ఆలోచన వచ్చాక ఆమెకి ఆకలేసింది. వెళ్ళి రొట్టె, ఉప్పు జున్ను కడుపునిండా తింది.

మర్నాడు ఉదయం హాజ్ షలబీ పట్టెలకి మందం తియ్యాలి. ఆయనే వచ్చి తీసుకెళ్తానన్నాడు. సుబ్హీ పైబల్లలు ఎత్తి తిరిగి చూసేసరికి ఇన్షిరాహ్ తలగుడ్డ బిగించుకుని, చేతులు పైకి మడుచుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కడేం చేస్తున్నావు? లోపలికెళ్ళు, మొదలెడదాం."

"నువ్వెళ్ళు లోపలికి. ఇవాళ నువ్వు తొయ్యి, నేనందుకుంటా."

"ఇదేం పిచ్చి?"

"పిచ్చేముంది? తోసేది ఉస్తా పని. ఉస్తావి నువ్వేగా."

అతను అటూ ఇటూ చూశాడు. వాదిస్తే ఆలస్యం, షలబీ వచ్చే వేళ. రెండు చెక్కలు పోయాక కాళ్ళు నొప్పి పుట్టి తనే లోపలికొస్తుందిలే అనుకున్నట్టున్నాడు. గొణుక్కుంటూ గదిలోకెళ్ళాడు. మిషను రొద మొదలైంది. మొదటి చెక్క వచ్చింది. ఆమె అందుకుని, గుమ్మం బయట గోడకి నిలబెట్టింది. ఉడికించిన ఫూల్ గింజలు అమ్మే బండి అబూ నగా వీధి మధ్యలో ఆగిపోయాడు.

"ఏంటి ఉమ్ రీహామ్, సుబ్హీకి ఒంట్లో బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు! లోపల తోస్తున్నాడు. నా గొంతు వినపడుతోందా?"

"వినపడుతోందమ్మా."

"అయితే రేపూ ఇక్కడే ఉంటా. మా ఇద్దరికీ రెండు గిన్నెలు తీసిపెట్టు."

ఎదురింటి మేడ మీద గుడ్డలారేస్తున్న ఆడవాళ్ళు వంగి చూశారు. ఆమె తలెత్తి చెయ్యి ఊపింది. చెక్కలు వస్తున్నాయి, అందుకుంటోంది. జబ్బలు లాగుతున్నాయి, అవి లోపలున్నప్పుడూ లాగేవి, కొత్తేం కాదు. ఇక్కడ కనీసం ఎండ ఉంది.

హాజ్ షలబీ వచ్చాడు. ఆమెని చూసి గతుక్కుమని, మర్యాదగా చూపు దించుకున్నాడు. "సుబ్హీ లేడామ్మా?"

"లోపలున్నాడు హాజ్. ఇన్నాళ్ళూ మీ పట్టెలకి లోపల్నించి తోసింది నేను, ఇక్కడ అందుకుంది అతను. ఇవాళ అటూ ఇటూ అయ్యాం. నిమిరి చూడండి, తేడా ఉంటే చెప్పండి."

షలబీ నిమరలేదు. అప్పటికి గుమ్మం దగ్గర నలుగురు చేరారు. గదిలోంచి సుబ్హీకి వాళ్ళ కాళ్ళు కనబడి ఉంటాయి. ఆమె ఏదో చెప్తోందని తెలుస్తోంది, ఏం చెప్తోందో ఆ రొదలో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఆమె అలాగే నిలబడింది అక్కడ. చివరికి మిషను ఆపేశాడు. ఇల్లూ వీధీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. కిటికీ వెలుతురు వీపు మీద పడుతుండగా, తల నిండా పొట్టుతో, ఆ గది గుమ్మంలోంచి తొంగిచూశాడు. పళ్ళ బిగువున, చిన్నగా అన్నాడు.

"పరువు తియ్యకు. లోపలికి రా."

ఇన్షిరాహ్ చేతిలో ఉన్న పట్టెని జాగ్రత్తగా గోడకి చేర్చింది. చేతులు దులుపుకుంది. ఆమెకి చిన్నగా చెప్పాలనిపించలేదు.

"నా గదిలో నువ్వున్నావు సుబ్హీ. నువ్వు బయటికి రా, అప్పుడు నేను లోపలికొస్తా."